అలసటను దేంతో కొలవాలి? జబ్బు మీద, ఉద్యోగం మీద పరిశోధన చేసేవాళ్లకు స్కేళ్ల పోలిక

అలసట మీద థీసిస్ మొదలుపెట్టినవాళ్లు ముందుగా ఇరుక్కునేది ప్రశ్నావళి దగ్గరే. వెతికితే ఒకటా రెండా, పదుల కొద్దీ స్కేళ్లు. ఒక్కోదానికీ బోలెడన్ని పేపర్లు, ప్రతి పేపర్లోనూ ‘ఇది నమ్మదగిన స్కేల్’ అన్న వాక్యం. గైడ్‌ని అడిగితే తమ గ్రూప్‌లో ఎప్పట్నుంచో వాడుతున్నది చేతిలో పెడతారు. సీనియర్‌ని అడిగితే ‘చిన్నది చూసుకో, పెద్దదైతే ఎవరూ నింపరు’ అంటారు. రెండూ పనికిరాని సలహాలేం కావు. కాకపోతే మీరు ఎవరి అలసట గురించి, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ఇద్దరూ అడగలేదు.

ఈ తలనొప్పి కొత్తదేం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పని గంటల మీద అధ్యయనాలు జరిగాయి. 1918లో ఇండస్ట్రియల్ ఫెటీగ్ రీసెర్చ్ బోర్డు కూడా ఏర్పాటైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1921లో, బెర్నార్డ్ ముసియో అనే మనస్తత్వ శాస్త్రవేత్త అసలు అలసటకు పరీక్ష పెట్టడం సాధ్యమేనా అని ప్రశ్నించి, కచ్చితమైన శాస్త్ర చర్చలోంచి ఆ మాటనే తీసేద్దామని సూచించాడు. ఎవరూ వినలేదు. అందుకే ఇవాళ మన ముందు ఇన్ని స్కేళ్లు.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు, ప్రశ్న మనిషిని దేంతో పోల్చుకోమంటోందో చూడాలి. ‘మామూలుగా ఉండేదానికన్నా ఎక్కువ అలసిపోతున్నారా’ అని అడిగితే అది పాత తనతో పోలిక. ‘గడిచిన 7 రోజుల్లో ఎంత అలసిపోయారు’ అంటే పోలికే లేదు, తీవ్రత మాత్రమే. ‘పని దినం అయిపోయేసరికి ఎలా ఉంటారు’ అంటే ఉద్యోగంతో ముడి. నా దృష్టిలో స్కేల్ ఎంపికలో సగం పని ఇక్కడే తేలిపోతుంది. ఎనిమిదేళ్లుగా జబ్బుతో ఉన్న మనిషిని ‘మామూలుకన్నా ఎక్కువా’ అని అడిగి చూడండి. ఆమెకి అలసటే మామూలైపోయింది. ‘మామూలుగానే ఉంది’ అని టిక్ పెడుతుంది, మీ డేటాలో ఆరోగ్యవంతురాలిగా కనిపిస్తుంది. ప్రశ్నావళి మీద ‘జబ్బు రాకముందుతో పోల్చండి’ అన్న సూచన ఉన్నా, హడావిడిలో దాన్ని చదివేవాళ్లు తక్కువ.

రెండోది, కొలుస్తున్నది అలసట ఎంతుందన్నదా, దానివల్ల ఏ పనులు ఆగిపోయాయన్నదా. ఒకరు విపరీతంగా అలసిపోయి కూడా పళ్లబిగువున పనికి వెళ్తారు. ఇంకొకరు అంత అలసట లేకపోయినా పనులు తగ్గించుకుంటారు. ఈ రెండిటినీ ఒకే స్కోరులో కలిపేసే స్కేళ్లు చాలా ఉన్నాయి.

మూడోది, కాలపరిధి. 24 గంటలు, 7 రోజులు, రెండు వారాలు, నాలుగు వారాలు, ఇలా ఒక్కో స్కేల్‌ది ఒక్కో లెక్క. మూడు వారాలకోసారి కీమో తీసుకునే రోగికి ఈ వారం, పోయిన వారం ఒకటి కావు. ఏ రోజున నింపించారన్నదాన్ని బట్టే స్కోరు మారిపోతుంది.

ఒకటే స్కోరా, భాగాలుగా వస్తుందా, ఖర్చెంత, అనుమతి కావాలా అన్నవి తర్వాతి సంగతులు. అవీ ముఖ్యమే, కానీ చాలామంది వాటితోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

ఒక్క చూపులో

పేర్లు కొత్తగా ఉన్నా ఫర్వాలేదు, ఒక్కోదాని సంగతీ కింద వస్తుంది.

| స్కేల్ | ప్రశ్నలు | కాలపరిధి / పోలిక | స్కోరు | ఎక్కువ స్కోరంటే |
|---|---|---|---|---|
| ఫెటీగ్ సివియారిటీ స్కేల్ | 9 | గడిచిన వారం | సగటు 1–7 | అలసట, దాని ప్రభావం ఎక్కువ |
| చాల్డర్ | 11 | మామూలు స్థితితో పోలిక | 0–11 లేదా 0–33 | అలసట ఎక్కువ |
| ఎంఎఫ్ఐ | 20 | ఈ మధ్య కాలం | 5 భాగాలు, ఒక్కోటి 4–20 | అలసట ఎక్కువ |
| ఫాసిట్ ఫెటీగ్ | 13 | 7 రోజులు | 0–52 | అలసట తక్కువ |
| ప్రోమిస్ ఫెటీగ్ | ఫారాన్ని బట్టి | 7 రోజులు | టీ స్కోరు, సగటు 50 | అలసట ఎక్కువ |
| సిఐఎస్ | 20 | రెండు వారాలు | 4 భాగాలు, మొత్తం 20–140 | అలసట ఎక్కువ |
| నీడ్ ఫర్ రికవరీ | 11 | పని దినం ముగింపు | 0–100 | తేరుకోవడం కష్టం |
| ఓఫర్ | 15 | పని, షిఫ్టుల మధ్య విరామం | 3 భాగాలు, ఒక్కోటి 0–100 | భాగాన్ని బట్టి |

టేబుల్లో ఆఖరి నిలువు వరస మీద కన్నేసి ఉంచండి. ఫాసిట్‌లో 40 వచ్చిందంటే మనిషి ఫర్వాలేదు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బులో వాడే మోడిఫైడ్ ఫెటీగ్ ఇంపాక్ట్ స్కేల్‌లో (84కి లెక్క) అదే 40 వస్తే, సాధారణంగా వాడే 38 కటాఫ్ (దాటితే అలసట ఉందని లెక్కించే గీత) దాటినట్టు. రెండు స్కేళ్లూ ఒకే అధ్యయనంలో ఉంటే విశ్లేషణ రోజున ఇది కచ్చితంగా ఎవరో ఒకరిని బోల్తా కొట్టిస్తుంది.

జబ్బులో అలసట: ఐదు దారులు

*ఫెటీగ్ సివియారిటీ స్కేల్.* 1989లో మల్టిపుల్ స్క్లిరోసిస్, లూపస్ రోగుల కోసం వచ్చింది. తొమ్మిదే ప్రశ్నలు, ఐదు నిమిషాల్లోపు అయిపోతుంది, అందుకే అందరికీ ఇష్టం. పేరులో తీవ్రత అని ఉన్నా ప్రశ్నలు చదివితే ఎక్కువ భాగం ప్రభావం గురించే: పనికి అడ్డొస్తోందా, కుటుంబ జీవితాన్ని దెబ్బతీస్తోందా అని. మొదటి రెండు ప్రశ్నలు, అంటే అలసట ఉన్నప్పుడు ఉత్సాహం తగ్గుతుందా, వ్యాయామం చేస్తే అలసట వస్తుందా అన్నవి, మిగతావాటితో సరిగ్గా కలవవని తర్వాతి గణాంక విశ్లేషణల్లో తేలింది. ఆ రెండూ తీసేసిన ఏడు ప్రశ్నల రూపం కూడా వాడుకలో ఉంది. ఇక కటాఫ్ 4 అని అందరూ రాస్తారు. నార్వేలో సాధారణ జనాభా మీద అదే గీత పెడితే దాదాపు సగం మంది ‘అలసట ఉన్నవాళ్లు’గా తేలారు. రోగుల మధ్య పోలికకు ఇది బాగుంటుంది. మామూలు ఉద్యోగుల్లో ఎంత శాతం మందికి అలసట ఉందో చెప్పడానికి మాత్రం దీన్ని నేను వాడను.

*చాల్డర్.* 1993లో వచ్చింది. ఏడు ప్రశ్నలు ఒంటి అలసట మీద, నాలుగు మెదడు అలసట మీద. ఆసుపత్రికి రాని జనంలో అలసటను వడగట్టడానికి ఇది మంచిది. తంటా అంతా స్కోరు వేయడంలో ఉంది. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు. వాటికి 0, 0, 1, 1 అని వేస్తే మొత్తం 11. 0, 1, 2, 3 అని వేస్తే మొత్తం 33. ఇప్పుడు ఒక రోగి అన్ని ప్రశ్నలకీ ‘మామూలుకన్నా ఎక్కువ’ అన్నాడనుకోండి. ఇంకొకాయన అన్నిటికీ ‘చాలా ఎక్కువ’ అన్నాడు. మొదటి పద్ధతిలో ఇద్దరికీ 11కి 11. రెండో పద్ధతిలో ఒకరికి 22, ఇంకొకరికి 33. తీవ్రంగా జబ్బుపడినవాళ్లు మొదటి పద్ధతిలో పైకప్పుకి తగిలి ఆగిపోతారు. తర్వాత ఇంకా దిగజారినా, కాస్త కోలుకున్నా స్కోరులో కనిపించదు. 641 మందితో జరిగి, 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన పేస్ అనే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ చికిత్సల ట్రయల్‌లో ప్రొటోకాల్‌లో రాసిన మొదటి పద్ధతిని వదిలి రెండోదానికి మారారు. ఆ ట్రయల్ మీద ఏళ్ల తరబడి సాగిన వాదనల్లో ఇదీ ఒకటి. మీరు ఏ పద్ధతి వాడినా సరే, డేటా రాకముందే రాసి పెట్టుకోండి.

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (నెలల తరబడి తగ్గని అలసట ఉండే జబ్బు), కోవిడ్ తర్వాతి అలసట మీద పనిచేసేవాళ్లకి ఇంకో మాట. ఆ జబ్బుల్లో అసలు విషయం రోజంతా ఉండే అలసట ఒక్కటే కాదు. కాస్త శ్రమ పడితే గంటల తర్వాతో, మర్నాడో లక్షణాలన్నీ ముదిరిపోవడం. 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దీన్ని నిర్ధారణకు తప్పనిసరి లక్షణం చేసింది. పై టేబుల్లో ఉన్న ఏ స్కేలూ దీన్ని పట్టుకోదు. డిపాల్ సింప్టమ్ క్వశ్చనేర్‌లో దీనికి విడిగా ప్రశ్నలున్నాయి, అది జతచేయకుండా ముందుకు వెళ్లకండి.

*ఎంఎఫ్ఐ.* పూర్తి పేరు మల్టీడైమెన్షనల్ ఫెటీగ్ ఇన్వెంటరీ, 1995 నాటిది. మొత్తంమీద అలసట, ఒంటి అలసట, మెదడు అలసట, తగ్గిన పనులు, తగ్గిన ఉత్సాహం అని ఐదు భాగాలు, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు. మొదట్లోనే దీన్ని రేడియోథెరపీ తీసుకుంటున్న క్యాన్సర్ రోగులతోపాటు విద్యార్థులు, సైనికులు, జూనియర్ డాక్టర్ల మీద కూడా పరీక్షించారు. అందుకని రోగుల్నీ ఆరోగ్యవంతుల్నీ పక్కపక్కన పెట్టే అధ్యయనానికి బాగా కుదురుతుంది. ‘తగ్గిన ఉత్సాహం’ భాగం డిప్రెషన్‌తో బాగా కలిసిపోతుంది. డిప్రెషన్ స్కేల్ కూడా వాడుతూ, రెండిటికీ సంబంధం దొరికిందని సంబరపడితే, కొంతవరకు ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగినట్టే.

*ఫాసిట్ ఫెటీగ్.* క్యాన్సర్ రోగుల్లో రక్తహీనత వల్ల వచ్చే అలసట కోసం 1997లో వచ్చి, తర్వాత కీళ్లవాతం లాంటి చాలా జబ్బులకు పాకింది. చికిత్స ముందూ తర్వాతా తేడా చూడాలంటే దీని బలం తెలుస్తుంది. 3–4 పాయింట్ల మార్పు రోగికి తెలిసేంత తేడా అని చాలా అధ్యయనాల్లో తీసుకుంటారు, కాబట్టి శాంపుల్ సైజు లెక్కకు ఒక ఆధారం దొరుకుతుంది. 13 ప్రశ్నల్లో 11 తిరగేసి లెక్కించాలి. ‘నాకు శక్తి ఉంది’, ‘రోజువారీ పనులు చేసుకోగలను’ అనే రెండిటిని మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

*ప్రోమిస్.* అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ నిధులతో తయారైన ప్రశ్నల నిధి. అందులో అలసట మీద 95 ప్రశ్నలున్నాయి. అన్నీ అడగక్కర్లేదు. నాలుగు, ఏడు, ఎనిమిది ప్రశ్నల చిన్న ఫారాలున్నాయి, లేదా కంప్యూటరే ముందు జవాబును బట్టి తర్వాతి ప్రశ్న ఎంచుకుంటుంది. ఏ దారిన వెళ్లినా స్కోరు ఒకే కొలమానం (టేబుల్లో రాసిన టీ స్కోరు) మీదికి వస్తుంది, ఇదే దీని గొప్పతనం. ఆ సగటు 50 అమెరికా జనాభాది. వేరే దేశపు శాంపుల్‌కి దాన్ని ‘నార్మల్’ అని రాసేయకూడదు.

క్యాన్సర్ వార్డులో ఇవాళ్టి పరిస్థితే చాలనుకుంటే 24 గంటల లెక్క అడిగే బ్రీఫ్ ఫెటీగ్ ఇన్వెంటరీ సరిపోతుంది. తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 10 వరకు స్కోరు.

ఉద్యోగంలో అలసట: ప్రశ్నే వేరు

జబ్బు స్కేళ్లను పట్టుకెళ్లి ఫ్యాక్టరీలో, ఆఫీసులో పంచితే చాలామంది స్కోర్లు కింద గుంపుగా పడిపోతాయి. ‘కంపెనీలో అందరూ బాగానే ఉన్నారు’ అని రిపోర్టు వస్తుంది. నిజానికి ఉద్యోగి విషయంలో అసలు ప్రశ్న అలసిపోయాడా అన్నది కాదు. పని చేస్తే ఎవరైనా అలసిపోతారు. మర్నాటికి తేరుకుంటున్నాడా లేదా అన్నది తేలాలి.

*నీడ్ ఫర్ రికవరీ* సరిగ్గా అదే అడుగుతుంది. నెదర్లాండ్స్‌లో పుట్టింది, 11 ప్రశ్నలు, అవును కాదు అంతే. పని అయ్యాక స్థిమితపడటం కష్టంగా ఉందా, సెలవుల్లో రెండో రోజుకి గానీ హాయిగా అనిపించదా, ఇంటికొచ్చిన వెంటనే ఎవరి మీదా ధ్యాస పెట్టలేకపోతున్నారా, ఇలాంటివి. ఉద్యోగ స్థలాల్లో ముందస్తు హెచ్చరికగా నాకు తెలిసినవాటిలో ఇంత సూటిగా ఉన్నది లేదు. పగటి పని చేసేవాళ్లను మనసులో పెట్టుకుని రాసింది మాత్రం నిజం. ‘రాత్రి భోజనం అయ్యాక సాధారణంగా హుషారుగా ఉంటాను’ అనే అర్థం వచ్చే ప్రశ్న ఒకటుంది. రాత్రి 8కి డ్యూటీ ఎక్కే నర్సు దానికేం జవాబివ్వాలి? ఆమె భోజనం అయ్యాకే పని మొదలు. ఇంటి నుంచే పనిచేసేవాళ్లకి ‘ఇంటికొచ్చాక’ అన్న మాటే వర్తించదు.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకైతే *ఓఫర్* మేలు. 2005లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. దీర్ఘకాలిక అలసట, ఆ రోజు అలసట, షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య తేరుకోవడం అని మూడు విడి స్కోర్లు. మూడోది మాత్రం ఎక్కువుంటే మంచిది, మొదటి రెండూ ఎక్కువుంటే చెడ్డది. మూడిటినీ కూడి ఒక మొత్తం చేశారంటే స్కేల్‌ని పాడుచేసినట్టే.

*సిఐఎస్,* అంటే చెక్‌లిస్ట్ ఇండివిడ్యువల్ స్ట్రెంత్, రెండు లోకాల్లోనూ పనికొచ్చే అరుదైన స్కేల్. 1994లో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ రోగుల కోసం వచ్చింది. తర్వాత 1998లో నెదర్లాండ్స్‌లో మొదలై, ఉద్యోగుల్ని కొంతకాలం పాటు గమనించిన మాస్ట్రిక్ట్ కోహోర్ట్ అధ్యయనంలో 45 సంస్థలకు చెందిన సుమారు 12 వేల మంది ఉద్యోగుల మీద వాడారు. ఉద్యోగుల విషయంలో మొత్తం 76 దాటితే అలసట వల్ల సెలవు పెట్టే ముప్పున్న గుంపుగా లెక్కిస్తారు. రోగుల్లో అయితే మొత్తం కాకుండా ఎనిమిది ప్రశ్నల తీవ్రత భాగం తీసుకుని 35 దగ్గర గీత గీస్తారు. రెండు కటాఫ్‌లనీ కలగాపులగం చేసిన పేపర్లు కనిపిస్తాయి, చూసుకోండి.

బర్నవుట్ స్కేళ్లను అలసటకు బదులుగా వాడేవాళ్లు చాలామంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసిడి 11 అనే జబ్బుల వర్గీకరణలో బర్నవుట్‌ని జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన పరిస్థితిగా చేర్చారు. నీరసించిపోవడం అందులో మూడో వంతు మాత్రమే, పని మీద విముఖత, పనితీరు తగ్గడం మిగతా రెండు. బర్నవుట్‌కి ఎక్కువగా వాడే మాస్లాక్ ఇన్వెంటరీకి డబ్బు కట్టాలి. 2005 నాటి కోపెన్‌హేగన్ బర్నవుట్ ఇన్వెంటరీ ఉచితం. అందులో వ్యక్తిగత, పని సంబంధిత భాగాలు విడిగా ఉంటాయి కాబట్టి అలసటకు కాస్త దగ్గర.

ప్రశ్నావళి చాలని చోట

డ్రైవర్లు, పైలట్లు, కంట్రోల్ రూమ్ ఆపరేటర్ల అలసట మీద పనిచేస్తూ ప్రశ్నావళి ఒక్కటే నమ్ముకోవడం ప్రమాదం. 2003లో వచ్చిన ఒక ప్రయోగంలో మనుషుల్ని 14 రోజులపాటు రాత్రికి 6 గంటలు, అంతకన్నా తక్కువ మాత్రమే పడుకోనిచ్చారు. రోజురోజుకీ వాళ్ల చురుకుదనం పడిపోయి, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివాళ్ల స్థాయికి చేరింది. కానీ నిద్రమత్తు ఎంతుందని అడిగితే వాళ్లు ఇచ్చుకున్న మార్కులు కొన్ని రోజులకే ఒకచోట ఆగిపోయాయి. తాము ఎంత దెబ్బతిన్నారో వాళ్లకే తెలియలేదు.

ఇలాంటిచోట సైకోమోటర్ విజిలెన్స్ టెస్ట్ తీసుకోవాలి. తెర మీద సంకేతం రాగానే బటన్ నొక్కాలి, పది నిమిషాలు. 500 మిల్లీసెకన్లు దాటితే తప్పిపోయినట్టు లెక్క. మూడు నిమిషాల రూపమూ ఉంది, దాని గీత వేరు. ఇది కొలిచేది ముఖ్యంగా నిద్రలేమిని. క్యాన్సర్ రోగి అనుభవించే అలసట దీనికి దొరకదు. జబ్బు అధ్యయనంలో దీన్ని పెట్టి ‘స్కోర్లు బాగున్నాయి కాబట్టి అలసట లేదు’ అని రాస్తే రోగికి అన్యాయం చేసినట్టే.

రోజుకి నాలుగైదుసార్లు ఫోన్‌లో ఒకటి రెండు ప్రశ్నలడిగే డైరీ పద్ధతి రోజులో వచ్చే ఎత్తుపల్లాల్ని బాగా చూపిస్తుంది. వారం చివర గుర్తు తెచ్చుకుని చెప్పేటప్పుడు మనిషికి అన్నిటికన్నా చెడ్డ గంటా, ఆఖరి గంటా ఎక్కువ గుర్తుంటాయి. డైరీలో ఆ తకరారు లేదు. అయితే బాగా అలసిపోయిన రోజే జవాబు ఇవ్వడం మానేస్తారు. ఖాళీలు ఎక్కడ పడ్డాయో విడిగా చూడకపోతే సగటు అబద్ధం చెబుతుంది.

మీరెవరు, ఏది తీసుకోవాలి

చికిత్స ట్రయల్ నడుపుతున్నవాళ్లకి ఫాసిట్ లేదా ప్రోమిస్. ఆ జబ్బులో ముందటి ట్రయల్స్ ఏది వాడాయో చూసి అదే తీసుకోండి. ఇక్కడ గుంపుతోపాటు నడవడంలో తప్పులేదు, ఫలితాల్ని పోల్చుకోవాలి కదా.

డిసర్టేషన్‌కి ఆరు నెలలే ఉండి, ఒకే జబ్బు రోగుల్లో అలసటకీ ఇంకోదానికీ సంబంధం చూసే పీజీ విద్యార్థికి ఫెటీగ్ సివియారిటీ స్కేల్ చాలు. ఎంఎఫ్ఐ ఐదు భాగాలు ఆకర్షణీయంగా కనిపిస్తాయి గానీ, అరవై మంది రోగులతో ఐదు భాగాలకీ విడివిడిగా సంబంధాలు వెతికితే ఏదో ఒకటి యాదృచ్ఛికంగా తగులుతుంది.

ఉద్యోగుల సర్వే అయితే పగటి పనికి నీడ్ ఫర్ రికవరీ, షిఫ్టులకి ఓఫర్. ఒక్క హెచ్చరిక: బాగా అలసిపోయినవాళ్లు ఇప్పటికే ఉద్యోగం మానేసి ఉంటారు, లేదా మీరు వెళ్లిన రోజు సెలవులో ఉంటారు. ఏ స్కేలూ ఈ లోటు పూడ్చలేదు. వీలైతే సెలవులో ఉన్నవాళ్లకీ ఫారం పంపించండి, ఈ మధ్య మానేసినవాళ్ల లెక్క అడగండి.

అన్నిటికన్నా చిక్కు, జబ్బు చేసి మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్ల మీద అధ్యయనం. వాళ్ల అలసటలో జబ్బుదెంత, పనిదెంత అన్నది ఒక్క స్కేల్‌తో తేలదు. నేనైతే చిన్నవి రెండు తీసుకుంటాను: ప్రోమిస్ చిన్న ఫారం ఒకటి, నీడ్ ఫర్ రికవరీ ఒకటి. ప్రోమిస్ 7 రోజుల లెక్క అడుగుతుంది కాబట్టి దాన్ని పనివారం చివర ఒకసారి, వారం సెలవు చివర ఒకసారి, నీడ్ ఫర్ రికవరీని పనివారంలో నింపిస్తాను. సెలవులో కూడా ప్రోమిస్ స్కోరు తగ్గనివాళ్లకి పని గంటలు తగ్గించినంత మాత్రాన సరిపోకపోవచ్చు. సెలవులో అది బాగా తగ్గి, నీడ్ ఫర్ రికవరీ స్కోరు ఎక్కువున్నవాళ్ల విషయంలో సంస్థ చేయగలిగింది చాలా ఉంటుంది. సిఐఎస్ ఒక్కటే వాడినా పని నడుస్తుంది గానీ ఈ తేడా అంత స్పష్టంగా రాదు.

ఏది ఎంచుకున్నా అనుమతి మెయిల్ ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందే పంపండి, జవాబుకి వారాలు పడుతుంది. మీ భాషలో అనువాదం ముందే ఉందేమో హక్కుదారుల్నే అడగండి. లేకపోతే ఇద్దరు విడివిడిగా అనువదించడం, మూడో మనిషి తిరిగి మూలభాషలోకి మార్చడం, తర్వాత కొందరు రోగులతో ఒక్కో ప్రశ్న చదివించి ఏం అర్థమైందో చెప్పించుకోవడం, ఇదంతా చేయాల్సిందే. అన్ని ఫారాల మీదా నింపిన సమయం, ఆ రోజు ఎన్ని గంటలు నిద్రపోయారన్నది రాయించండి. ఎక్కువ ప్రశ్నావళులుంటే అలసటది మొదట పెట్టండి. నలభై ప్రశ్నలు నింపాక అలసిపోయారా అని అడిగితే వచ్చే జవాబులో మీ ఫారం వాటా కూడా ఉంటుంది.